నాగోల్ నుంచి దూరం వెళ్లే బండి

హైదరాబాద్ నాగోల్‌లో బండి తీస్తే ఉప్పల్ మీదుగా వరంగల్ దారి, ఎల్బీనగర్ మీదుగా విజయవాడ దారి రెండూ దగ్గరే. ఇక్కడివాళ్లకు అడ్వెంచర్ టూరింగ్ బైక్ మీద మనసు పోవడం సహజం. 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్‌తో తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే పెద్ద బండికి గిరాకీ మొదలైంది. ఇలాంటి బండికి ముందు చక్రం పెద్దది, హ్యాండిల్ వెడల్పు. నిటారుగా కూర్చుంటాం కాబట్టి నడుము తొందరగా పట్టేయదు. అయితే ఎంత పెద్దది కావాలి? నా లెక్కలో 400, 450 సీసీ చాలు. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్ బరువు 237 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196. సామాను కట్టుకుని, వాలుగా ఉన్న కంకర మీద ఒక కాలి మునివేళ్లతో బండిని నిలబెట్టాల్సి వచ్చినప్పుడు ఆ నలభై కిలోల తేడా తెలిసొస్తుంది.

పెద్ద ఇంజన్ అయితే హైవే మీద అలుపుండదంటారు. నిజమే, వెనక మనిషి ఉన్నా లారీని దాటడం సులువు. కానీ 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రహదారిపై మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. దానికి 40 హార్స్‌పవర్ దండిగా సరిపోతుంది. చిన్న ఇంజన్ దూరాభారం తట్టుకోదనే అనుమానానికీ హైదరాబాదే జవాబు చెప్పింది. అదే 2018 ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు ఇక్కడినుంచి బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగారు. వాళ్లు నడిపినవి 373 సీసీ బజాజ్ డామినార్‌లు. అందుకే కొనేముందు బరువు తెలిసేలా, ట్యాంకు నిండుగా ఉన్న బండిని స్టాండు తీసి, నాలుగడుగులు వెనక్కి నెట్టి చూడండి.