శిశు సంరక్షణము – అపాయమును గుర్తించుట యెట్లు?

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతముల నుండి ఇంటిపనికై కువైటునకు పోవు స్త్రీలు అనేకులు. చేను పండక, అప్పు తీరక, బిడ్డలను అవ్వకో పిన్నమ్మకో అప్పగించి వారు విమానమెక్కుచున్నారు. అట్టి బిడ్డలు పెక్కుమంది బంధువుల యిండ్ల కన్నబిడ్డలవలెనే పెరుగుచున్నారు. కాని నెలనెల వచ్చు డబ్బునకై బిడ్డను ఉంచుకొని, బడి మాన్పించి, చాకిరి చేయించి దండించు ఇల్లును ఉండవచ్చును. ఏ యింట క్షేమము, ఏ యింట అపాయము? దీనిని ముందుగా గ్రహించుటయే శిశు సంరక్షణలో మిక్కిలి కఠినమైన కార్యము.

ఇందు రెండు విధముల పొరపాటు కలదు. గుడిసెను చూచి బిడ్డను వసతిగృహమునకు పంపుట మొదటిది. మేడను చూచి మర్యాదకై వెనుదిరుగుట రెండవది. మొదటిదానిచే బిడ్డ తనవారిని కోల్పోవును. రెండవదానిచే ప్రాణమునకే ముప్పు రావచ్చును. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది బాలలను విచారించి 2007లో నివేదిక ప్రకటించెను. మువ్వురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. కుటుంబమున హింసింపబడినవారిలో నూటికి 88 మందికి పైగా తల్లిదండ్రుల చేతనే బాధపడిరి. కావున ధనముగాని, కులముగాని, రక్తసంబంధముగాని రక్షణకు పూచీ కాజాలదు.

మరి కొలత యేది? గాయములు మరల మరల తగులుచున్నవా, బడికి రాని దినములెన్ని, బిడ్డ తన బాధను చెప్పుకొనగల వయస్సుదా, పోషకుడు తాగుబోతా, ఆ యింట బిడ్డ పక్షమున నిలుచువారు ఒక్కరైనను కలరా – వీనినన్నిటిని కలిపి తూచవలెను. అన్నిటికంటె ముఖ్యము బిడ్డను ఒంటరిగా పలుకరించుట. కొట్టినవాని యెదుట బిడ్డ పలికిన “బాగున్నాను” అను మాటకు విలువ యేమి?

2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, రక్షణ కావలసిన బిడ్డను ప్రయాణకాలము మినహా 24 గంటలలో జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. సామాజిక విచారణ 15 దినములలో ముగియవలెను. వసతిగృహము చిట్టచివరి మార్గము మాత్రమే. చట్టము మంచిదే. అయితే ఒక్కసారి వచ్చిపోవు అధికారికి కనబడునది ఆ పూటకు ఊడ్చి అలికిన యిల్లు. ఆ యింటి రాత్రులను ఎరిగినవారు ఇరుగుపొరుగువారు. బిడ్డ ముఖమును దినదినము చూచువారు ఉపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త. వీరు నోరు విప్పనిచో విచారణ వట్టి కాగితమే.

“అది వారి యింటి గొడవ, మనకేల?” అని గ్రామ పెద్దలు తప్పుకొనుట ఇకనైన మానవలెను. అనుమానము కలిగినప్పుడు 1098 సంఖ్యకు తెలుపుట చాడీ కాదు. నిజానిజములు తేల్చు భారము విచారించువారిది. చూచినది చెప్పు ధర్మము మనది. పరదేశమున పరుల బిడ్డలను లాలించి పొట్టపోసికొను తల్లి తన బిడ్డను విడిచిపోయినది ఒక్క యింటిని నమ్మి కాదు, ఊరిని నమ్మి.