బంగాళాఖాతంలో ప్రాణవాయువు: ఒక్క గాలి బుడగతో తారుమారయ్యే లెక్క
పరిశోధక నౌకల్లో నీటి నమూనాలు తీసే సాంకేతిక సహాయకుల పని ఏమిటి? అది ఎందుకంత కీలకం?

బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల లోతు దాటితే నీటిలో ప్రాణవాయువు దాదాపు కనిపించదు. ఈ ‘దాదాపు’ అన్న మాటే శాస్త్రవేత్తలకు ముఖ్యం. అక్కడ మిగిలి ఉన్న అతి స్వల్ప ప్రాణవాయువు పూర్తిగా తొలగిపోతే ఆ సముద్ర రసాయన స్వభావమే మారిపోగలదు. అది తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్న ప్రశ్నకు జవాబు నౌకలో నీటిని సీసాలకు పట్టే వ్యక్తి నేర్పుపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నదులకు, ప్రాణవాయువుకు సంబంధం ఏమిటి?

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు బంగాళాఖాతంలోకి అపారమైన మంచినీటిని చేరుస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా అక్కడి గోల్ బజార్‌లో కురిసిన వాన నీరు అర్పా నదిలో కలిస్తే, శివనాథ్, మహానదుల మీదుగా చివరకు చేరేది ఈ సముద్రానికే.

మంచినీరు తేలిక కావడంతో ఉప్పునీటిపై మూతలా పరుచుకుంటుంది. అందువల్ల గాలిలోని ప్రాణవాయువు లోతుకు దిగడం కష్టమవుతుంది. పైనుంచి రాలే జీవ వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అడుగున ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడా వాడేస్తాయి.

ప్రాణవాయువు పూర్తిగా అడుగంటినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును వాడుకోవడం మొదలుపెడతాయి. సముద్రపు వృక్షప్లవకాలకు ఎరువు వంటి నత్రజని అప్పుడు వాయురూపంలో వెళ్లిపోతుంది. ఈ ప్రక్రియలో వెలువడే నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 273 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది. అరేబియా సముద్రంలో నత్రజని నష్టం ఇప్పటికే పెద్దఎత్తున సాగుతోంది.

బంగాళాఖాతం ఆ అంచుకు చేరువలో ఉన్నట్లు 2017లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం వివరించింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఆ అంతర్జాతీయ బృందం, లోతు నీటిలో లీటరుకు 10 నుంచి 200 నానోమోళ్ల ప్రాణవాయువును గుర్తించింది. ఉపరితల నీటిలో ఉండే దానిలో ఇది వెయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ. నత్రజనిని తొలగించగల సూక్ష్మజీవులు అక్కడ ఉన్నా, ఈ కాస్త ప్రాణవాయువే వాటికి అడ్డుకట్ట వేస్తోందని బృందం తేల్చింది.

నమూనా ఎలా తీస్తారు?

నిస్కిన్ సీసాలుగా పిలిచే పొడవాటి గొట్టాలను, తరచుగా 24 వరకు, ఒక లోహపు చట్రానికి వలయాకారంలో అమరుస్తారు. లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం కూడా ఆ చట్రంలోనే ఉంటుంది. రెండు వైపులా తెరిచి ఉన్న సీసాలతో దానిని వించ్ సాయంతో సముద్రంలోకి దింపుతారు. నిమిషానికి 60 మీటర్ల వేగంతో 3,000 మీటర్లు దిగడానికి 50 నిమిషాలు పడుతుంది. పైకి తెచ్చేటప్పుడు ఎంచుకున్న లోతుల వద్ద ఒక్కొక్క సీసాను మూసివేస్తారు. కేంద్రాలు వరుసగా వచ్చే యాత్రల్లో ఈ పని రాత్రింబవళ్లు వంతులవారీగా నడుస్తుంది.

చట్రం డెక్కుపైకి చేరాక వరుస తప్పకూడదు. గాలి తగిలితే మారిపోయే ప్రాణవాయువు నమూనాను ముందు తీస్తారు. తరువాత కరిగిన కార్బన్ నమూనాల వంతు. సూక్ష్మజీవులు వాటిని మార్చకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ కలుపుతారు. అది విషపూరితం కనుక చేతి తొడుగులు తప్పనిసరి. పోషకాలు, లవణీయత నమూనాలు ఆ తరువాత తీస్తారు.

ప్రాణవాయువు కొలతకు నేటికీ ప్రామాణికం 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ ప్రకటించిన పద్ధతే. గొట్టాన్ని గాజుకుప్పె అడుగుకు చేర్చి, కుప్పె రెండు మూడు సార్లు పొంగిపొర్లేలా నీరు పడతారు. వెంటనే మాంగనీస్ లవణం, క్షారయుత అయొడైడ్ కలిపి బిరడా బిగిస్తారు. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. ఆమ్లం పోస్తే అది కరిగి అయొడిన్ విడుదలవుతుంది. దానిలోకి సోడియం థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా వదులుతారు. సూచికగా గంజి ద్రావణం వాడితే, నీలిరంగు మాయమయ్యే క్షణమే లెక్క.

తప్పు ఎక్కడ దొర్లుతుంది?

గొట్టంలో ఒక్క గాలి బుడగ మిగిలినా, బిరడా కింద గాలి చిక్కినా, ప్రాణవాయువు దాదాపు లేని నీటిలో అది ఉన్నట్లు లెక్క వస్తుంది. ఎంత జాగ్రత్తపడినా సాధారణ వింక్లర్ పరీక్ష నానోమోళ్లను పట్టలేదు. నమూనా తీసే క్రమంలో కలిసే గాలే అంతకు మించుతుంది. అందుకే అంత స్వల్ప మోతాదులను కొలవడానికి నేరుగా నీటిలోకి దింపే అతిసున్నిత సంవేదకాలను వాడతారు.

మరి సీసాలు దేనికి? సంవేదకాల రీడింగులు కాలక్రమేణా పక్కదారి పడతాయి. చట్రానికి అమర్చిన సంవేదకాలను అదే లోతులో తీసిన నీటి వింక్లర్ ఫలితాలతో పోల్చి సరిచేస్తారు. మనిషి లేకుండా నెలల తరబడి తిరిగే తేలియాడే పరికరాల రీడింగులను సరిచూడటానికి కూడా ఇటువంటి నమూనాలు ఆధారమవుతాయి. దశాబ్దాల మార్పును చూపే గ్రాఫు నమ్మదగినదిగా ఉండాలంటే కుప్పెలో పట్టిన నీరు సరిగా ఉండాలి.

తెలుగువారికి ఈ రంగంలో చోటెక్కడ?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950వ దశకంలోనే అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ తోడ్పాటుతో బంగాళాఖాతంపై పరిశోధనలు సాగాయి. 1966 జనవరి 1న ఏర్పడిన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం హైదరాబాద్‌లో పనిచేస్తోంది. ‘సాగర్ కన్య’, ‘సింధు సాధన’ వంటి నౌకలు పరిశోధక యాత్రలకు ఉపయోగపడుతున్నాయి.

సాంకేతిక సహాయకుల పోస్టులకు సాధారణంగా సైన్స్ డిగ్రీ లేదా ఇంజినీరింగ్ డిప్లొమా, దానితోపాటు కొంత అనుభవం అడుగుతారు. ప్రాజెక్టుల కింద తాత్కాలిక నియామకాలు కూడా ఉంటాయి. ఓడ కుదుపులో వికారాన్ని తట్టుకుంటూ, వారాల తరబడి ఇంటికి దూరంగా, అర్ధరాత్రి కూడా అదే శ్రద్ధతో పనిచేయగలగాలి.

తన పనిలో దొర్లిన లోపాన్ని తానే నమోదు చేసే నిజాయతీ కూడా కావాలి. అంతర్జాతీయ సముద్ర దత్తాంశాల్లో ప్రతి కొలతకు పక్కన నాణ్యతా సంకేతం రాయడం ఆనవాయితీ. 2 అంటే ఆమోదయోగ్యం, 3 అంటే సందేహాస్పదం, 4 అంటే చెల్లనిది. సీసా కారిందనో, బుడగ కనిపించిందనో సాంకేతిక సహాయకుడు ఆ రాత్రే రాసిపెట్టకపోతే, తప్పుడు అంకె కూడా 2గా నమోదై సరైన వాటి సరసన చేరిపోతుంది. ఏళ్ల తరువాత బంగాళాఖాతం అంచు దాటిందా లేదా అని లెక్కించేవారికి దానిని వేరుచేయడం కష్టమవుతుంది.