బాక్స్ గీయనన్న ఓపెన్‌సీవీ... తప్పు ఫోన్ కెమెరాదే అనుకున్నా!

కెమెరా కంపారిజన్ రివ్యూల్లో ఫోటోల మీద రంగురంగుల బాక్సులు చూస్తుంటారు కదా. ఇక్కడ డీటెయిల్ చూడండి, ఇక్కడ నాయిస్ చూడండి అని చూపించడానికి. వాటిని చాలాకాలం ఫోటో ఎడిటర్‌లో చేత్తోనే గీసేవాణ్ణి. మొన్న ఒక రివ్యూకి రెండు ఫోన్లతో చెరో 20 ఫోటోలు తీశా. ఫోటోకి ఆరు బాక్సులంటే మొత్తం 240. ఇక నా వల్ల కాదని పైథాన్, ఓపెన్‌సీవీతో చిన్న స్క్రిప్ట్ రాయడానికి కూర్చున్నా. అరగంట పని అనుకున్నా, రాత్రి ఒంటిగంట దాటింది.

ఆరు బాక్సులకి ఆరు రంగులు కావాలి. నమ్‌పైలోని రాండింట్‌తో 0 నుంచి 255 లోపు మూడేసి నంబర్లు తీసి, టపుల్‌గా మార్చి, రెక్టాంగిల్ ఫంక్షన్‌కి ఇచ్చా. వెంటనే ఎర్రర్. కలర్ దగ్గర ఇచ్చిన విలువ అసలు నంబరే కాదట! ప్రింట్ చేసి చూశా. 12, 200, 45 అని చక్కగా కనిపిస్తోంది. ఇది నంబర్ కాకపోతే ఇంకేంటి?

అక్కడే అసలు తిరకాసు ఉంది. టపుల్‌గా మార్చినప్పుడు బయట ఉన్న పెట్టె మాత్రమే మారుతుంది. లోపలి 12 మాత్రం పైథాన్ ఇంట్ కాకుండా నమ్‌పై వాళ్ల ఇంట్64గానే ఉండిపోతుంది. ఓపెన్‌సీవీ అసలు కోడ్ సీ++లో ఉంటుంది, పైథాన్ నుంచి వెళ్లే ప్రతి విలువనీ గేటు దగ్గర చెక్ చేస్తుంది. అక్కడ పైథాన్ ఇంట్ గానీ ఫ్లోట్ గానీ కాకపోతే లోపలికి రానివ్వదు. తమాషా ఏంటంటే, రాండింట్ బదులు యూనిఫామ్ వాడితే ఇదే కోడ్ హాయిగా నడిచింది. ఎందుకంటే నమ్‌పై ఫ్లోట్64 పైథాన్ ఫ్లోట్‌కి వారసుడు, ఇంట్64కి ఆ చుట్టరికం లేదు. పూర్ణాంకం వద్దని దశాంశాన్ని రానిచ్చే ఈ గేటు నాకైతే నచ్చలేదు, కానీ లెక్క అదీ.

టపుల్ బదులు టులిస్ట్ వాడితే లోపలి నంబర్లు కూడా మామూలు పైథాన్ ఇంట్‌లు అయిపోతాయి. ఒక్క పదం మార్పు, అంతే. నా ల్యాప్‌టాప్‌లో పాత నమ్‌పై ఉండటం వల్ల ఇంత టైమ్ పట్టింది. 2024 జూన్‌లో వచ్చిన నమ్‌పై 2.0 నుంచి అదే టపుల్‌ని ప్రింట్ చేస్తే ప్రతి నంబర్ పక్కన ఇంట్64 అని టైప్ కూడా చూపిస్తుంది. పాత వెర్షన్ వాడేవాళ్లు ప్రింట్‌ని నమ్మకండి, టైప్ ఫంక్షన్‌తో అడగండి.

రంగుల గొడవ అయ్యాక కోఆర్డినేట్ల గొడవ మొదలైంది. రెండు ఫోన్ల ఫోటో సైజు వేరు కాబట్టి, మొదటి ఫోటోలోని స్థానాన్ని నిష్పత్తితో గుణించి రెండోదాంట్లో బాక్స్ పెట్టాలి. పైథాన్‌లో భాగహారం చేస్తే 10ని 2తో భాగించినా 5 రాదు, 5.0 వస్తుంది. పాయింట్లలో ఫ్లోట్ ఒప్పుకోదు. రౌండ్ చేసి ఇంట్‌గా మార్చా, పోయింది.

ఎర్రర్ రాకుండా తప్పు జరిగేవి ఇంకో రెండున్నాయి. ఓపెన్‌సీవీలో రంగుల వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ముందు 255 పెట్టి మిగతావి సున్నా చేస్తే ఎర్ర బాక్స్ రాదు, నీలం వస్తుంది. ఇక బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి ఒకటే ఛానల్ కాబట్టి మొదటి నంబరే తీసుకుంటుంది. ఆకుపచ్చ ఇస్తే మొదటి నంబర్ సున్నా, అంటే గీత నల్లగా పడుతుంది. రాత్రి ఫోటోలో అది ఎవరికి కనిపిస్తుంది?

నన్ను భయపెట్టింది మాత్రం ఇవేవీ కావు. రాత్రి ఫోటోల్లో నీడలు బాగా కనపడాలని ప్రతి పిక్సెల్‌కీ 40 కలిపా. 255 దాటుతుందని ముందే ఇమేజ్‌ని ఇంట్64 చేశా. ఇప్పుడు బాక్స్ గీయమంటే ఇమేజ్ లేఅవుట్ సరిపడదని ఎర్రర్. డేటా టైప్ మాటే ఎత్తలేదు. సరే అని యూఇంట్8కి మార్చేశా, నలభై ఫోటోల మీదా బాక్సులు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నా.

ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, రెండో ఫోన్ ఫోటోల్లో వీధి దీపాల మధ్యలో నల్లటి మచ్చలు! రివ్యూ డ్రాఫ్ట్‌లో రాసేశా కూడా: "ఈ ఫోన్ హెచ్‌డీఆర్ దీపాల దగ్గర చేతులెత్తేస్తోంది."

పడుకోబోయే ముందు ఎందుకో డౌట్ వచ్చి ఒరిజినల్ ఫైల్ తెరిచా. మచ్చలు లేవు. యూఇంట్8లో పట్టేది 0 నుంచి 255 వరకే. 250కి 40 కలిపితే 290, దాన్ని యూఇంట్8లో కుక్కితే 256 పోగా 34 మిగులుతుంది. తెల్లటి దీపం నల్లగా మారింది అందుకే. మొదటి ఫోన్ ఫోటోలు కాస్త డార్క్‌గా ఉండి 215 దాటలేదు కాబట్టి బతికిపోయాయి. అంటే ఎక్కువ వెలుతురు పట్టిన ఫోన్‌కే నేను మార్కులు కోశానన్నమాట.

ముందు క్లిప్‌తో 0, 255 మధ్య ఆపి, ఆ తర్వాతే యూఇంట్8కి మార్చా. మచ్చలు పోయాయి, డ్రాఫ్ట్‌లో ఆ లైను కొట్టేశా. హెచ్‌డీఆర్ మార్కులు రెండు ఫోన్లకీ ఒరిజినల్ ఫైల్స్ చూసి మళ్లీ వేశా. రెక్టాంగిల్ ఫంక్షన్ ఇచ్చిన ఇమేజ్ మీదే గీసేస్తుంది కాబట్టి ఇప్పుడు బాక్సులన్నీ కాపీ తీసి, దాని మీదే గీయిస్తున్నా.