చెరువుకో లెక్క, సముద్రానికో లెక్క

ఇబ్రహీంపట్నం చెరువులో కెమెరా ముంచి తీసిన వీడియోకీ, అండమాన్‌ దీవుల దగ్గర స్కూబా డైవింగ్‌లో తీసిన వీడియోకీ ఒక్క మీట నొక్కితే అసలు రంగులు వచ్చేస్తాయని ఫోన్లలోని యాప్‌లు ఊరిస్తుంటాయి. అది కుదిరే పని కాదు. ఇబ్రహీంపట్నం చెరువులాంటి మంచినీటి తటాకాల్లో నాచూ, కుళ్ళిన ఆకుల నుంచి దిగిన పసరూ నీలి వెలుగును ముందే మింగేస్తాయి. ఎరుపును నీరే మింగుతుంది. చివరికి మిగిలేది ఆకుపచ్చ. ఒండ్రు ఎక్కువైతే జేగురు. తేటగా ఉన్న సముద్రంలో మాత్రం నీలం మిగులుతుంది. పోయిన రంగులే వేరైనప్పుడు వాటిని తెచ్చే మందు ఒకటెలా అవుతుంది? రంగు దిద్దడమంటే ఏ రంగు ఎంత పోయిందో లెక్కగట్టి అంత మేరకు తిరిగి చేర్చడం. కంటికి నచ్చేదాకా మీటలు జరపడం వేరే పని.

లెక్క అన్నది ఊరికే అన్న మాట కాదు. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు వెలుగు శుద్ధమైన నీటిలో 10 మీటర్లు ప్రయాణించేసరికి 100 పాళ్ళలో 3 పాళ్ళకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అదే దూరంలో 450 నానోమీటర్ల నీలం 90 పాళ్ళు నిలుస్తుంది. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్‌ రేలీ వంటి పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్న కాలం ఉంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపి, అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో చదువుకున్న సి.వి. రామన్‌ 1921లో ఓడ ప్రయాణంలో నికోల్‌ పట్టకంతో నీటి మీది మెరుపును తొలగించి చూశాడు. నీలం తగ్గలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే వెలుగును చెదరగొట్టి ఆ నీలాన్ని పుట్టిస్తున్నాయని తేల్చాడు. నీళ్ళ కింద ఫొటో తీసేవాళ్ళ ఇబ్బందులు రెండూ ఇందులోనే ఉన్నాయి. వస్తువు నుంచి రావలసిన ఎరుపు దారిలోనే పోతుంది, వస్తువుకు చెందని నీలం మధ్యలో వచ్చి కలుస్తుంది.

చాలామంది లోతునొక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. వెలుగు పైనుంచి వస్తువు దాకా దిగాలి, అక్కడి నుంచి కెమెరా దాకా రావాలి. పై లెక్క ప్రకారమే ప్రతి 2 మీటర్లకూ ఆ ఎరుపు సగమవుతుంది. కాబట్టి ఒకే ఫ్రేములో మీటరు దూరాన ఉన్న చేపకూ, మూడు మీటర్ల అవతల ఉన్న బండకూ ఒకే మోతాదు ఎరుపు కలిపితే, ఒకటి కుదురుతుంది, రెండోది చెడుతుంది. డెర్యా అక్కయ్‌నాక్‌, తలీ త్రైబిట్జ్‌ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రకటించిన ‘సీ-త్రూ’ పద్ధతి ఈ ముడినే విప్పింది. ఫొటోలో ప్రతి బిందువూ కెమెరాకు ఎంత దూరమో ముందు కనిపెట్టి, మధ్యలో కలిసిన పొగమంచు లాంటి వెలుగును తీసేసి, ఆపైన పోయిన రంగును దూరాన్ని బట్టి చేరుస్తుంది. పోయే వెలుగుకూ కలిసే వెలుగుకూ ఒకే గుణకం వాడుతూ వచ్చిన పాత సూత్రం తప్పని వాళ్ళు అంతకు ముందు ఏడాదే చూపించారు.

డైవర్‌ కళ్ళారా చూసింది నీలమే కదా, ఎరుపు చేర్చితే అబద్ధం కాదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 20 మీటర్ల లోతున గాయమైతే నెత్తురు ఆకుపచ్చగానో నల్లగానో కనిపిస్తుందని డైవర్లకు తెలుసు. ఆ అనుభవాన్నే చూపించదలిస్తే ఫొటోను ముట్టుకోనక్కర్లేదు. కానీ కెమెరా పట్టింది డైవర్‌ చూసినదే అనుకోవడమూ సరికాదు. మన కన్ను చుట్టూ ఉన్న వెలుగుకు అలవాటు పడి నీలాన్ని కొంత తగ్గించుకుని చూస్తుంది. కెమెరాకు ఆ సర్దుబాటు మనమే నేర్పాలి. తెల్లటి పలకను ఎదురుగా పెట్టి వైట్‌ బ్యాలెన్స్‌ సరిచేసుకోవడం, లోతు మారినప్పుడల్లా మళ్ళీ చేసుకోవడం అందుకే. నీలి నీళ్ళకు ఎర్ర ఫిల్టరు, ఆకుపచ్చ నీళ్ళకు మెజెంటా ఫిల్టరు వాడటమూ అందుకే. చెరువులో ఎర్ర ఫిల్టరు తగిలిస్తే దుకాణదారుకు తప్ప ఎవరికీ లాభం లేదు.

ఎంత లెక్క కట్టినా, అసలే రాని వెలుగును ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఎరుపు దాదాపు సున్నా అయినచోట దాన్ని ముప్పై రెట్లు పెంచితే, వచ్చేది రంగు కాదు, నాయిస్‌ అనే ఎర్రటి చుక్కలు. అక్కడ వెలుగు మనమే తీసుకెళ్ళాలి. 1926లో ఫ్లోరిడా దగ్గర విలియం లాంగ్లీ, చార్లెస్‌ మార్టిన్‌ సముద్రగర్భంలో తొలి రంగుల ఫొటోలు తీసింది తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి పుట్టించిన వెలుగుతోనే. ఇప్పుడు బ్యాటరీ దీపాలొచ్చాయి గానీ సూత్రం అదే, వస్తువుకు దగ్గరగా వెళ్ళాలి. కలక నీటిలో దీపం కెమెరా పక్కనే ఉంటే ఒండ్రు రేణువులే మెరిసి తెరంతా తెల్లబడుతుంది. దాన్ని పక్కకు దూరంగా జరపాలి. వెనకాల దూరంగా కనిపించే నీటిని మాత్రం నీటి రంగులోనే వదిలేయడం మంచిది. నీలం మచ్చుకైనా లేని సముద్రపు వీడియో నా లెక్కలో చెడిపోయిన వీడియోయే.

సరదా వీడియోలకు ఇంత శాస్త్రం దేనికని కొట్టిపారేయవచ్చు. సరదా వరకైతే నిజమే, యాప్‌ చాలు. కానీ పగడపు దిబ్బ తెల్లబడిందా లేదా అన్నది ఫొటో చూసి చెప్పేవారికీ, చెరువులో మునిగిన వస్తువును వీడియోలో గుర్తుపట్టాల్సిన గజఈతగాళ్ళకూ రంగు సాక్ష్యం. సాక్ష్యాన్ని ఒక మీట ఇష్టానికి వదలకూడదు. అందుకని నీళ్ళలోకి దిగేముందు కెమెరా పట్టిన వెలుగును మార్చకుండా దాచే రా ఫార్మాట్‌ పెట్టుకోండి, తెల్ల పలక ఒకటి వెంట తీసుకెళ్ళండి, దిద్దిన కాపీని పదిమందికి పంపినా అసలు ఫైలును మాత్రం చెరిపేయకండి.