భాస్వరము లోహములతో గట్టు ఇండ్లు

భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు వైద్య విద్యాలయమున ఫిస్క్ అను పండితునితో గూడి, రక్తము మున్నగువానిలోని భాస్వరమును గొలుచు విధానము నొకదానిని 1925లో ప్రకటించిరి. ఫాస్ఫేటు గల ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డినము అను లోహపు లవణమును జేర్చి, పిదప క్షయకరణము గావించినచో నీలవర్ణము పుట్టును. నీల మెంత గాఢమో భాస్వర మంత హెచ్చు. ఈ కొలత వైద్యశాస్త్రమున కెంత యుపకరించినదో చెప్ప బనిలేదు. అయితే ఆ రంగునకు మూలమైన పదార్థమున పరమాణువు లెట్లు కూర్చబడియున్నవో నాడు నిశ్చయముగా దెలియదు. 1933లో మాంచెస్టరు నగరమున కెగ్గిన్ అను నాయన, టంగ్‌స్టనుతో నేర్పడిన అట్టి పదార్థమునే ఎక్స్ కిరణములతో బరీక్షించి, నడుమ నొక్క భాస్వర పరమాణువును, చుట్టును పండ్రెండు లోహ పరమాణువులును గలవని చూపెను. మాలిబ్డినపు పదార్థమును ఆ రూపముననే యున్నది.

ఇందు లోహమును భాస్వరమును నేరుగా బట్టుకొనవు. నడుమ ఆమ్లజని యుండును. ఫాస్ఫేటున భాస్వరము చుట్టును నాలుగు ఆమ్లజని పరమాణువు లుండును. అడుగున మూడు, శిఖరమున నొకటి యని యూహింపుడు. ఈ నాలుగును చేతులవలె లోహములను బట్టును. మన యిబ్రహీంపట్నపు ఎర్ర నేలలలో వేసిన సూపరు ఫాస్ఫేటులో గొంత పైరున కందక, ఇనుమునకును అల్యూమినియమునకును జిక్కుట యీ పట్టువలననే. రైతునకిది నష్టము, రసాయనజ్ఞునకు బనిముట్టు.

ఫాస్ఫైటు సంగతి వేరు. ఫాస్ఫరసు ఆమ్లమున మూడు ఉదజనులున్నను క్షారముచే రెండే తొలగునని చదివి పైతరగతుల విద్యార్థు లాశ్చర్యపడుదురు. మూడవది ఆమ్లజనిని గాక భాస్వరమునే యంటియుండుట కారణము. అందుచే ఫాస్ఫైటునకు మూడే చేతులు. చేతులు తగ్గుటచే కట్టడము వదులై, పెద్ద గదు లేర్పడుట కవకాశము గలుగును.

ఆ గదులలో కర్బన సంబంధమైన అణువు లుండుటచే వీనిని సంకర పదార్థము లందురు. చేయు విధమిది. తుత్తునాగపు ఆక్సైడు, పైజెప్పిన ఆమ్లములలో నొకటి, ఎమీను అను నత్రజని గల కర్బన పదార్థము, నీరు - వీనిని టెఫ్లాను గిన్నెలో బోసి, యుక్కు పాత్రలో బిగించి, 150 డిగ్రీల ప్రాంతమున గొన్ని దినములు కాచెదరు. మూత బిగువుచే నీరు 100 డిగ్రీలు దాటియు ద్రవముగనే నిలుచును. మామూలుగా గరగనివి యందు గరగి మెల్లగా స్ఫటికములగును. తొందరపడిన పొడియే మిగులును. దోషములేని స్ఫటికము, ఆవగింజకంటె జిన్నదైనను, ఒక్కటి దొరకిన జాలు. దానిపై ఎక్స్ కిరణములను బ్రసరింపజేసి, చెదరిన కిరణముల స్థానమును బలమును గొలిచి, ప్రతి పరమాణువుయొక్క చోటును లెక్కకట్టుదురు. ఈ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభ 2017లో మన హైదరాబాదుననే జరిగినది.

ఎమీను ఆమ్లమునుండి ఉదజనిని గ్రహించి ధనవిద్యుత్తు వహించును, కట్టడమున ఋణవిద్యుత్తుండును. కావున నిచ్చట నతిథి చుట్టునే యిల్లు లేచును. బెంగుళూరున సి. ఎన్. ఆర్. రావుగారును వారి సహచరులును, తుత్తునాగము రెండు, భాస్వరము రెండు గల చిన్న ఉంగరములను వేరుపరచి, అవియే గొలుసులుగను, పొరలుగను, గదులుగను బెరుగుట చూపిరి.

అతిథిని వెడలించుటయే కష్టము. 1982లో అమెరికా రసాయనజ్ఞులు ప్రకటించిన అల్యూమినియము ఫాస్ఫేటులలో పెక్కింట ఎమీనును గాల్చివేసినను గోడలు నిలిచినవి. ఆ ఖాళీ గదులలో చిన్న అణువులు చొరగలవు, పెద్దవి చొరలేవు. జల్లెడకు బనికివచ్చునది యదియే. తుత్తునాగపు ఇండ్లు తరచుగా నట్లు నిలువవు; ఎమీనుతోబాటు గోడలును గూలును. ఏ ఎమీను నుంచిన నే రూపము వచ్చునో ముందుగా జెప్పుటయు నింకను పూర్తిగా సాధ్యము కాలేదు. పాత్ర తెరచి చూడవలసినదే.