ఇటుక గోడా, మేకు భయమూ

అద్దె ఇంట్లో సామాను దించగానే ఇంటి ఓనరు చెప్పే మొదటి మాట: "గోడలకి మేకులు కొట్టకండమ్మా." ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల గోడ చూస్తే, ఒక్క క్యాలెండరు కోసం అరచేతి మేర పెచ్చులూడి ఉంటుంది. అలాంటి మచ్చల్లో చాలావాటికి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే కారణం.

అపోహ: డ్రిల్లు పెడితే గోడ పాడవుతుంది, మేకయితే చిన్న రంధ్రమే.

నిజం దీనికి తలకిందులు. లోపలి గోడల మీద సిమెంటు పూత సుమారు అరంగుళం మందం ఉంటుంది. మేకు ఆ పూత దాటి ఇటుకకు తగలగానే ఆగుతుంది. మనం ఆగం. ఇంకో నాలుగు దెబ్బలు వేస్తాం. ఆ అదురుకి చుట్టూ ఉన్న పూత ఇటుకను వదిలేస్తుంది, మేకు వంగుతుంది, పక్కన ఇంకోటి మొదలుపెడతాం. గోడలకు వాడే బిట్టుతో డ్రిల్లు చేస్తే మిగిలేది 6 మి.మీ. గుండ్రటి రంధ్రం. ఇల్లు వదిలేటప్పుడు చిటికెడు పుట్టీతో పూడుతుంది.

డ్రిల్లు చేస్తున్నప్పుడు కింద రాలే పొడిని చూడటం అలవాటు చేసుకుంటే గోడ లోపల ఏముందో తెలిసిపోతుంది. మొదట వచ్చే బూడిదరంగు పొడి పూతది. తర్వాత ఎర్రపొడి రాలితే ఇటుకలోకి దిగినట్టే. ఎరుపు రాకుండా బూడిదరంగే వస్తూ బిట్టు మొరాయిస్తే అక్కడ పిల్లరో బీమో ఉంది. హ్యామర్ మోడ్ అవసరమయ్యేది అక్కడే. మామూలు ఇటుకకు ఆ మోడ్ పెడితే, ముఖ్యంగా పాత గోడల్లో, లోపల ఇటుక చిట్లుతుంది. తెల్లటి మెత్తని పొడి వస్తూ బిట్టు సులువుగా దిగిపోతే అది ఇటుక గోడ కాదు, ఇప్పటి అపార్ట్‌మెంట్లలో వాడే ఏఏసీ బ్లాకు. స్క్రూను పట్టి ఉంచడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లగ్గు అందులో పట్టు దొరక్క గిర్రున తిరుగుతుంది. దానికోసం చేసిన ప్లగ్గులు వేరే దొరుకుతాయి.

అపోహ: ఇటుక గట్టిది కాబట్టి ఎప్పుడూ ఇటుకలోకే దించాలి.

బరువు సంగతి చూస్తే సగం నిజం. పుస్తకాల అర లాంటిదానికి ఇటుక నడిమి భాగమే నయం. అంచు దగ్గర పెడితే ముక్క లేస్తుంది. కానీ పూత లేకుండా ఎర్ర ఇటుకలు కనిపించేలా వదిలిన గోడకు ఫొటోలు, చిన్న కుండీలు తగిలించాలంటే ఇటుకల మధ్య సందే మేలు. ఆ సందును మేస్త్రీ పిడికెడు సిమెంటు, ఇసుక మాలుతో మళ్లీ నింపేస్తాడు. ముఖం చెక్కుకుపోయిన ఇటుకను ఎవరూ బాగుచేయలేరు. సున్నంతో కట్టిన పాత ఇళ్లలో మాత్రం సందు పొడిపొడిగా రాలుతుంది, అక్కడ బరువు పెట్టకండి.

అపోహ: రంధ్రం పెద్దదయితే చెక్కముక్క దిగ్గొడితే సరి.

తాతల కాలంలో వేరే దారి లేదు. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. మన దగ్గర చెదల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ చిక్కు విప్పినవాడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఆంగ్లేయుడు. 1910 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియం గోడలకు మచ్చ పడకుండా విద్యుత్ సామాను బిగించాల్సి వచ్చి, జనపనారతో ప్లగ్గు తయారుచేశాడు. మన ఎలక్ట్రీషియన్లు రావల్ ప్లగ్ అనేది ఆయన పేరు మీదే. 1958లో జర్మనీకి చెందిన ఆర్తుర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో చేశాడు. స్క్రూ లోపలికి వెళ్లే కొద్దీ ప్లగ్గు విచ్చుకుని రంధ్రం గోడలను ఒత్తిపడుతుంది. అందుకే 6 మి.మీ. ప్లగ్గుకు 6 మి.మీ. బిట్టే వాడాలి. "కొంచెం వదులుంటే తేలిగ్గా దూరుతుంది" అన్నారో, అంతే తేలిగ్గా ఊడొస్తుంది.

అపోహ: అతికించే హుక్కులతో గోడకు ఏ నష్టమూ ఉండదు.

నున్నటి టైలు మీద సరే. పూత లేని ఇటుక గరుకుగా, పొడిపొడిగా ఉంటుంది, దానికవి అంటుకోవు. సున్నం, డిస్టెంపరు వేసిన గోడ మీద అంటుకుంటాయి గానీ, పీకితే రంగు పొరను వెంట తెచ్చుకుంటాయి. నా లెక్కలో ఇది డ్రిల్లు రంధ్రం కన్నా వికారం.

అపోహ: ఇటుకను పైనా కిందా పట్టుకునే స్టీలు క్లిప్పులు ఏ ఇటుకకైనా సరిపోతాయి.

ఆలోచన చక్కనిది, అసలు రంధ్రమే ఉండదు. కానీ ఆన్‌లైన్‌లో కనిపించే వాటిలో చాలావరకు అమెరికా ఇటుక ఎత్తుకు చేసినవి, అంటే సుమారు 57 మి.మీ. మన ఐఎస్ 1077 ప్రమాణంలో ఇటుక ఎత్తు 70 లేదా 90 మి.మీ. పైగా సందు ఇటుక ముఖం కన్నా కాస్త లోపలికి ఉంటేనే క్లిప్పు అంచు దూరుతుంది. మన మేస్త్రీలు ఎక్కువగా సమంగా పాయింటింగ్ చేసేస్తారు. కొనేముందు టేపుతో కొలవండి.

అపోహ: రంధ్రానికి టూత్‌పేస్టు చాలు.

ఆరాక లోపలికి కుంగి పగుళ్లిస్తుంది. పూత గోడకు పుట్టీ వాడండి. ఇటుకకయితే డ్రిల్లు చేసినప్పుడు రాలిన ఎర్రపొడిని ఓ పొట్లంలో దాచుకోండి. తడి సిమెంటుతో రంధ్రం పూడ్చి, పైన ఆ పొడిని వేలితో అద్దితే రంగు దాదాపు కలిసిపోతుంది.

ఇక స్విచ్చుబోర్డుకు సూటిగా పైనా కిందా డ్రిల్లు పెట్టకూడదన్నది అపోహ కాదు, అక్షరాలా నిజం. వైర్ల పైపు ఎక్కువగా అటే వెళుతుంది. పాత ఇళ్లలో అడ్డంగా, ఏటవాలుగా కూడా లాగి ఉంటారు. అనుమానం ఉన్నచోట ఎలక్ట్రీషియన్‌ను అడిగి, మెయిను ఆపి, బ్యాటరీ డ్రిల్లుతో మొదలుపెట్టండి.