వెలితి తీరిన వేళ

పూనా నగరంలో 'శారదా సదన్' అనే విద్యాలయాన్ని నడుపుతున్న పండిత రమాబాయి 1891 ప్రాంతంలో ఒక ఆత్మకథ చదివారు. దానిని రచించిన విలియం హాస్లమ్ ఇంగ్లండుకు చెందిన మతగురువు. దేవుని గురించి పరులకు బోధించడమే వృత్తిగా గల ఆ పెద్దమనిషి, తనకు ఆ దేవునితో పరిచయమే లేదని గ్రహించాడు. చివరికి ఒకనాడు సొంత ప్రసంగం మధ్యలోనే ఆయనలో నిజమైన విశ్వాసం మేల్కొన్నది. ఈ వృత్తాంతం రమాబాయిని కలవరపెట్టింది. ఆమె బాప్తిస్మం పొంది అప్పటికి ఎనిమిదేళ్ళు. మరి తన మాటేమిటి?

అది శాస్త్రజ్ఞానం లేక పుట్టిన సందేహం కాదు. 1858లో పశ్చిమ కనుమల అడవిలో జన్మించిన రమాబాయికి సంస్కృతం ఉగ్గుపాలతో అబ్బింది. స్త్రీలు సంస్కృతం నేర్వరాదన్న కట్టడిని కాదని తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్య లక్ష్మీబాయికి ఆ భాష నేర్పారు. ఆమె కుమార్తెకు నేర్పారు. పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చెప్పి, భక్తులు ఇచ్చిన సంభావనలతో ఆ కుటుంబం జీవించేది. 1870ల నాటి కరవు తల్లినీ తండ్రినీ అక్కనూ పొట్టన పెట్టుకొన్నది. మిగిలిన అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమె పాండిత్యానికి అబ్బురపడి 'పండిత', 'సరస్వతి' అన్న బిరుదులిచ్చి గౌరవించారు.

బిరుదులు దుఃఖాన్ని ఆపలేదు. 1880లో అన్న మరణించారు. 1882లో భర్త కలరాకు బలి అయ్యారు. అప్పటికి ఆమె చేతిలో ఏడాది నిండని పాప, మనోరమ.

వైద్యం చదవాలన్న ఆశతో 1883లో ఆమె ఇంగ్లండు వెళ్ళారు. వినికిడి లోపం ఆ ఆశను తుంచివేసింది. వాంటేజ్ పట్టణపు క్రైస్తవ సన్యాసినులు ఆమెకు ఆశ్రయమిచ్చారు. లోకం వెలివేసిన స్త్రీలను వారు ఆదరించే తీరు ఆమె హృదయాన్ని కదిలించింది. ఆ ఏడు సెప్టెంబరులో కుమార్తెతో కలిసి ఆమె బాప్తిస్మం పొందారు. అయినా ఆమె తర్కబుద్ధి తల వంచలేదు. పెద్దలు చెప్పారన్న కారణంతో ఏ సిద్ధాంతాన్నీ ఆమె అంగీకరించలేదు. లేఖల మీద లేఖలు వ్రాసి వాదించారు.

వాదంలో ఓడింది లేదు. కాని లోపలి వెలితి తీరలేదు. ఆ స్థితిని 1907లో ప్రచురించిన తన సాక్ష్యంలో ఆమె దాపరికం లేకుండా వివరించారు. తనకు క్రైస్తవ మతం దొరికిందే గాని, ఆ మతానికి ప్రాణమైన క్రీస్తు దొరకలేదన్నది ఆమె చెప్పిన మాటల సారాంశం. తల్లిని గురించి విన్నదంతా అప్పజెప్పగల బిడ్డ వేరు, తల్లి ఒడిలో ఉన్న బిడ్డ వేరు. పుణ్యం కూడబెట్టి దేవుని మెప్పించాలన్న చిరకాల ప్రయాసను రమాబాయి విడిచిపెట్టారు. క్షమాపణ కృషికి దక్కే కూలి కాదనీ, తండ్రి ఉచితంగా ఇచ్చే వరమనీ నమ్మారు. అంతవరకూ ఎరుగని ఆనందం ఆమెలో నిండింది.

ఆ ఆనందానికి పరీక్ష ఆలస్యం కాలేదు. ఆమె తన గదిలో కుమార్తెతో ప్రార్థన చేసుకొనేటప్పుడు తలుపు తెరిచే ఉండేది. విద్యార్థినులు కొందరు తమంత తామే వచ్చి కూర్చోసాగారు. మత విషయాలలో పాఠశాల తటస్థంగా ఉంటుందని నమ్మి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు ఇది ఆందోళన కలిగించడం సహజమే. 1893లో దుమారం చెలరేగింది. రానడే, భండార్కర్ వంటి హితైషులు సలహా సంఘం నుంచి తప్పుకొన్నారు. పలువురు బాలికలను పెద్దలు ఇళ్ళకు తీసుకొని వెళ్ళారు. రమాబాయి ఎవరినీ బలవంతపెట్టలేదు. అలాగని తలుపూ మూయలేదు.

1896లో మధ్య పరగణాలలో కరవు వచ్చింది. ఆకలి ఎటువంటిదో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. స్వయంగా ఆ ప్రాంతాలకు వెళ్ళి, దిక్కులేక తిరుగుతున్న సుమారు 300 మంది బాలికలను, వితంతువులను వెంటబెట్టుకొని వచ్చారు. పూనాలో ప్లేగు ప్రబలిన కారణంగా వారిని నగరంలో ఉంచే వీలు లేకపోయింది. నగరానికి యాభై కిలోమీటర్లకు పైబడిన దూరాన, కేడ్‌గావ్ వద్ద అంతకు ముందే కొన్న బీడు భూమి వారికి నెలవయింది. అదే 'ముక్తి'. బావులు త్రవ్వారు, పైరు పెట్టారు, మగ్గాలు నెలకొల్పారు, అచ్చుయంత్రం తెచ్చారు. 1900లో గుజరాతు కరవు బాధితులూ అక్కడికి చేరారు. ముక్తి నివాసుల సంఖ్య 2,000కు చేరువయింది.

ఇంత పని నడుమ ఆమె మరొక భారం తలకెత్తుకొన్నారు. చదువు అంతంతమాత్రమైన పల్లె స్త్రీకి సైతం అర్థమయ్యే మరాఠీలో బైబిలును అనువదించాలని సంకల్పించారు. అందుకోసం నడివయస్సులో హీబ్రూ, గ్రీకు భాషలు అభ్యసించారు. పండితసభలను మెప్పించిన ఆ మేధ ఇప్పుడు తేలిక మాట కోసం శ్రమించింది. ముక్తి స్త్రీలే అక్షరాలు కూర్చారు, వారే అచ్చు వేశారు.

1921 జూలైలో మనోరమ కన్నుమూసింది. నలభై ఏళ్ళ తోడు, సంస్థకు వారసురాలు కావలసిన బిడ్డ. దేవునికి చేరువ అయినవారికి శోకం ఉండదని ఎవరైనా చెబితే అది నిజం కాదు. శోకంలోనూ చేతిలోని పని జారిపోకుండా పట్టి ఉంచే బలం ఒకటి ఉంటుందనడానికి మాత్రం ఆమె జీవితమే నిదర్శనం. అనువాదం ముగించి, 1922 ఏప్రిల్ 5న రమాబాయి తుదిశ్వాస విడిచారు. ఆ బైబిలు 1924లో వెలువడింది. కేడ్‌గావ్‌లోని ముక్తి ఈనాటికీ నిరాశ్రయులైన స్త్రీలకూ పిల్లలకూ తలుపు తెరిచే ఉంచింది.